డోర్నకల్ ఎపిఫనీ కెథడ్రల్

నేటి మహబూబాబాద్ జిల్లాలోని డోర్నకల్‌లో ఉన్న ఎపిఫనీ కెథడ్రల్, నిజాం రాజ్యంలోని ఒక పల్లెలో ఆంగ్లికన్ సంఘం కట్టుకున్న ప్రధాన దేవాలయం. తూర్పుదేశపు జ్ఞానులు బాలయేసును దర్శించిన పండుగ రోజైన జనవరి 6న, 1939లో దీన్ని ప్రతిష్ఠించారు. కట్టించినది బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకం పొందిన ఆయన ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్. అంతకుముందు హైదరాబాద్ ప్రాంతంలో వెలసిన ఆంగ్లికన్ చర్చిలు ఎక్కువగా తెల్లదొరల దండుకూ రెసిడెన్సీకీ చేరువలో పుట్టినవి. సికింద్రాబాద్ సెయింట్ జాన్స్ (1813), అబిడ్స్ సెయింట్ జార్జ్ (1844), బొల్లారం హోలీ ట్రినిటీ (1847) మూడూ మూసీకి ఉత్తరానే ఉన్నాయి. ఏటికి దక్షిణాన పాతబస్తీలో 1591 నుంచి నిలిచిన చార్మినార్ వాస్తు వాటి రూపంలోకి రాలేదు. అది ఆంగ్లికన్ ఆరాధనలోకి వచ్చింది నగరంలో కాదు, ఈ పల్లెలో.

డోర్నకల్ గుడికి బయట గుమ్మటాలు, మినార్లు. లోపల దేవాలయ మండపాన్ని తలపించే చెక్కడపు రాతి స్తంభాలు. గుమ్మటాలూ మినార్లూ దొరల వాస్తుశిల్పులు కూడా వాడినవే కదా, ఇందులో కొత్తేముందని అడగవచ్చు. నిజమే, 1920లో పాతబస్తీ అంచున ప్రారంభమైన హైకోర్టుకు నమూనా గీసినది బ్రిటిష్ వాస్తుశిల్పి విన్సెంట్ ఎష్. అయితే అది ప్రభుత్వ వైభవం చాటే భవనం. ఇక్కడ అదే వాస్తు, పంటపొలాల నడుమ బతికే పేద విశ్వాసుల ప్రార్థనకు నీడ అయింది. ఇంకా బరువైన అభ్యంతరం మరొకటి ఉంది. అజరయ్య సంఘంలో అత్యధికులు మాల మాదిగలు. తమను గడప తొక్కనివ్వని గుడి స్తంభాలను వాళ్లెందుకు మోయాలి? ఆ గాయం చిన్నది కాదు. కానీ ఆ శిల్పం గడప కాపలా కాసినవారి సొత్తు మాత్రమే అనుకుంటే, వెలివేతను మరోసారి ఒప్పుకున్నట్టవుతుంది. ఆ స్తంభాల మధ్యే నిలబడి బల్లారాధనలో (ప్రభు భోజనంలో) పాలుపంచుకోవడాన్ని అనుకరణ అనలేం; అది తమ వాటా తీసుకోవడం. 1941 నాటికి బిషప్ పాలనలోని డోర్నకల్ అధ్యక్ష ఖండంలో (డయోసిస్‌లో) క్రైస్తవులు రెండు లక్షలు దాటారు.

మెదక్‌లో వెస్లియన్ మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ కట్టించి 1924లో ప్రతిష్ఠింపజేసిన గోథిక్ కెథడ్రల్‌ను కూడా తెలుగువారు మనసారా తమదనుకున్నారు. కాబట్టి దేశీయ రూపం లేనిదే సంఘం వేరూనదని వాదించలేం. డోర్నకల్ విశిష్టత మరోచోట ఉంది. రూపాన్ని ఎంచుకునే అధికారం ఇక్కడ ఒక భారతీయ బిషప్ చేతిలో ఉంది, ఆయన దాన్ని వాడుకున్నాడు. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడడంతో, ఇంత భిన్నమైన ఈ రెండు గుడులూ ఒకే సంఘంలో అధ్యక్ష ఖండాల కేంద్రాలయ్యాయి.