నంబరు వేసిన ఓటు

బ్రిటన్ బడుల్లో పిల్లల చేతికి ఓటు వేసే రిమోట్లు ఇస్తారని చెప్తే మన జనగామ, మానుకోట, భూపాలపల్లి వైపు టీచర్లు మొదట ధర అడుగుతారు. మానుకోట దగ్గర తండా బడిలో పనిచేసే ఒక చెల్లె మాత్రం అసలు విషయం పట్టుకుంది. "అక్కా, ఎవరు ఏది నొక్కిండ్రో నీకు తెలుస్తదా? తెలుస్తదంటే పిల్లలు భయంతోని పక్కోన్ని చూసి నొక్కరా?" అంది. రిమోట్ల గురించి ఎంత చెప్పినా దీనికి జవాబు దొరకదు. ఓటును ఎవరు చూడాలి, ఎవరు చూడకూడదు అనే దాని మీద బ్రిటన్ దాదాపు 40 ఏళ్లు కొట్లాడింది. ఆ కొట్లాట ముగిసిన యార్క్‌షైర్‌లోనే నేనిప్పుడు పాఠం చెప్తున్నాను కాబట్టి రెండు సంగతులూ కలిపే రాస్తున్నాను.

ముందు వస్తువు సంగతి. 2000 తర్వాతి తొలి సంవత్సరాల్లో ఇక్కడి ప్రభుత్వం బడులకు ఎలక్ట్రానిక్ బోర్డుల కోసం పెద్ద ఎత్తున డబ్బిచ్చింది. లాంకషైర్‌లోని బ్లాక్‌బర్న్‌లో పుట్టిన ప్రొమీథియన్ కంపెనీ బోర్డులు చాలా బడుల్లోకి వచ్చాయి. వాటి వెంటే యాక్టివోట్ అనే రిమోట్లూ వచ్చాయి. పిల్లల అరచేతిలో ఇమిడిపోతుంది, ఏ నుంచి ఎఫ్ దాకా ఆరు బటన్లు. కంప్యూటర్‌కు పెట్టిన చిన్న హబ్ ఒకటి అన్నిటి సంకేతాలూ అందుకుంటుంది. పిల్లలు నొక్కగానే ఏ జవాబుకు ఎన్ని ఓట్లో బోర్డు మీద గీతలుగా లేస్తాయి. చాలా బడులు ఇప్పుడు ట్యాబ్లెట్లకు మారాయి. మా దగ్గర పాత సెట్టు ఇంకా నడుస్తోంది, నేనైతే వదలను. ఓటు వేయడం తప్ప ఇంకే పనికీ రాకపోవడమే దాని గొప్పతనం.

అన్ని రిమోట్లూ ఒక్క తీరుగా ఉంటాయి. ఏది ఎవరిదో చెప్పేది మనం వేసే నంబరే. రిజిస్టర్‌లో పిల్లల వరుస, కంప్యూటర్‌లో రిమోట్ల వరుస, రిమోట్ వీపు మీది నంబరు, ఈ మూడూ ఒకటే కావాలి. 7వ నంబరు పాప చేతికి 17 వెళ్లిందంటే, పాఠం అర్థమైన బిడ్డకు అర్థం కానట్టు, కాని బిడ్డకు అయినట్టు నమోదవుతుంది. సాయంత్రం జాబితా చూసి వేరే బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుంటాం. మన దగ్గర 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్‌లో 185 మంది పోటీ పడితే ఒక్కో పోలింగ్ కేంద్రంలో 12 బ్యాలెట్ యూనిట్లు జత చేశారు, గుర్తుందా? ఆ పన్నెండింటికీ వరుస నంబరు సరిగ్గా అమర్చాకే యంత్రం ఓటు తీసుకుంది. ముప్పై మంది పిల్లల గదిలోనూ అంతే పట్టింపు ఉండాలి.

రిమోట్ మీద పేర్లు రాయకూడదు. ఒకే సెట్టును రెండు మూడు తరగతులు వాడతాయి, పిల్లలు ఏటా మారతారు. కాగితం స్టిక్కర్ నిలవదు, పిల్లల గోళ్లకు అంచు దొరికితే చాలు పీకేస్తారు. చెరగని మార్కర్‌తో రాసి పైన పారదర్శకమైన టేపు వేస్తాను. కంపెనీ వేసిన సీరియల్ నంబరును మాత్రం కప్పను, రిపేరుకు అదే ఆధారం. మా సెట్టుకు పచ్చ చుక్క, పక్క గది సెట్టుకు ఎర్ర చుక్క. ఎందుకంటే వేరే హబ్‌కు జత చేసిన రిమోట్ మన గదిలో ఎంత నొక్కినా మన లెక్కలోకి రాదు, నొక్కిన బిడ్డ మాత్రం తన ఓటు పడిందనే అనుకుంటుంది. తలుపు వెనక, చెప్పులు పెట్టుకునే జేబుల తెర ఒకటి వేలాడదీశాను. ప్రతి జేబుకూ నంబరు ఉంది. గంట కొట్టేముందు ఏ జేబు ఖాళీయో ఒక్క చూపులో తెలుస్తుంది. ఏడాది మధ్యలో కొత్త బిడ్డ చేరితే అక్షరక్రమం కోసమని అందరినీ జరపను, చివరి నంబరు ఇస్తాను. బడి మారిన బిడ్డ నంబరు ఆ ఏడాదికి ఖాళీగానే ఉంటుంది.

ఇంత శ్రమ దేనికి? "మూడో వంతు పెద్దదా, నాలుగో వంతు పెద్దదా?" అని అడిగి తొమ్మిదేళ్ల పిల్లల్ని చేతులెత్తమనండి. ముందు అందరి చూపూ చదువులో చురుకైన పిల్ల మీదికి పోతుంది, ఆ తర్వాతే చేతులు లేస్తాయి. రిమోట్ ఇస్తే ఎవరి వేలు వారిదే. సగానికి పైగా నాలుగో వంతే పెద్దదని నొక్కుతారు, మూడు కన్నా నాలుగు పెద్ద కదా! ఆ గీత లేవగానే ఆ రోజు నేను చెప్పాల్సిన పాఠమేమిటో తేలిపోతుంది. వెంటనే జవాబు చెప్పను. పక్కవాళ్లతో మాట్లాడుకుని మళ్లీ నొక్కమంటాను. హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్ 1990ల మొదట్లో ఈ పద్ధతికి పేరు తెచ్చాడు, 1997లో పుస్తకమూ రాశాడు.

ఈ రిమోట్ల సాఫ్ట్‌వేర్‌లో రెండు దారులున్నాయి. ఒకటి పేరుతో ఓటు, రెండోది పేరు లేని ఓటు. "మిస్, నేనేం నొక్కానో మీకు తెలుస్తుందా?" అని ఇక్కడి పిల్లలూ అడుగుతారు. మానుకోట చెల్లె అడిగిందీ అదే. జవాబు కోసం ఇక చరిత్రలోకి పోదాం.

1872కు ముందు బ్రిటన్‌లో ఓటంటే నలుగురిలో నోరు తెరిచి చెప్పడమే. పోలింగ్ దగ్గర గుమాస్తా ముందు నిలబడి తన పేరూ, తను ఎవరికి వేస్తున్నాడో ఆ పేరూ చెప్పాలి. గుమాస్తా రాసుకుంటాడు. ఆ పోల్ బుక్కులను చాలాచోట్ల అచ్చువేసి అమ్మేవాళ్లు కూడా. ఎవరి కౌలుదారు ఎవరికి వేశాడో దొర ఇంట్లో కూర్చుని చదువుకోవచ్చు. 1868 ఎన్నికల్లో వేల్స్‌లో లిబరల్ పార్టీకి వేసిన కౌలు రైతులను కొందరు భూస్వాములు పొలాల నుంచి వెళ్లగొట్టారు. జనగామవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. మా అమ్మమ్మది కడవెండి పక్క ఊరు. 1946 జులై 4న దొరల మీద పోరాటంలో దొడ్డి కొమురయ్య ప్రాణం పోయిన ఆ నేల మీద, దొర గడి ముందు నిలబడి పేరు చెప్పి ఓటెయ్యమంటే ఎవరు వేయగలిగేవాళ్లు? 1952లో మనకు మొదటి ఓటు వచ్చేసరికి అది రహస్యంగానే వచ్చింది. అభ్యర్థికో పెట్టె, పెట్టె మీద గుర్తు, తెర చాటున కాగితం వేసి రావడమే. అప్పటికి జనగామ నల్లగొండ జిల్లాలో ఉంది. ఆ నల్లగొండ నుంచే కమ్యూనిస్టు నాయకుడు రావి నారాయణరెడ్డి దేశంలోనే అత్యధిక ఓట్లతో గెలిచాడు. తెర లేకుంటే ఆ గెలుపు ఉండేదని నేననుకోను.

బ్రిటన్‌లో ఆ తెర కోసం మొదట గట్టిగా గొంతెత్తినవాళ్లలో కార్మికులున్నారు. 1838లో చార్టిస్టులనే ఉద్యమకారులు ఆరు డిమాండ్లతో పీపుల్స్ చార్టర్ అచ్చు వేశారు, అందులో రహస్య ఓటు ఒకటి. డిమాండుతో ఊరుకోకుండా ఓటు యంత్రం బొమ్మను కూడా జతచేశారు. బాత్ పట్టణానికి చెందిన బెంజమిన్ జాలీ తయారుచేసిన నమూనా అది. ఓటరు చేతికి ఇత్తడి గోళీ ఇస్తారు. అతను చాటున తన అభ్యర్థి రంధ్రంలో వేస్తాడు. లోపల పళ్ల చక్రం ఒక అంకె ముందుకు జరుగుతుంది. గోళీ దొర్లుకుంటూ బయట అధికారి ముందుకు వచ్చేస్తుంది. ఇక దాన్ని ఎవరూ జేబులో వేసుకుపోలేరు, రెండోసారి వేయలేరు, ఎవరికి వేశాడో బయటవాళ్లకు కనపడదు. చేతిలో పట్టుకునే ఓటు వస్తువును పంచడం, తిరిగి తీసుకోవడం, దాని గుట్టు కాపాడడం, ఈ మూడింటినీ ఆ కాలంలోనే అంత శ్రద్ధగా ఆలోచించారంటే నాకు గౌరవం కలుగుతుంది.

వ్యతిరేకించినవాళ్లూ చిన్నవాళ్లు కాదు. ఓటు ప్రజలు అప్పగించిన బాధ్యత, అది అందరి కళ్ల ముందే వేయాలని జాన్ స్టువర్ట్ మిల్ 1861లో వాదించాడు. వినడానికి బాగుంటుంది కానీ, కౌలు పోగొట్టుకున్న రైతు ముందు నిలబడే వాదన కాదది. 1856లో ఆస్ట్రేలియాలోని విక్టోరియా, దక్షిణ ఆస్ట్రేలియా వలస ప్రాంతాలు రహస్య ఓటు పెట్టి చూపించాక ఇక్కడా దారి పడింది. రహస్య ఓటు చట్టాన్ని పార్లమెంటులో నడిపించిన మంత్రి మా పక్కనున్న బ్రాడ్‌ఫర్డ్ సభ్యుడు డబ్ల్యూ. ఇ. ఫార్స్టర్. ఇంగ్లండ్, వేల్స్‌లో ప్రతి బిడ్డకూ బడి అందాలని 1870 విద్యా చట్టం తెచ్చిందీ ఆయనే. ఆ చట్టం కింద 1870లో జరిగిన లండన్ స్కూల్ బోర్డు ఎన్నికల్లో, సిటీ ప్రాంతం తప్ప మిగతా అంతటా రహస్యంగానే ఓటు వేశారు. అంటే లండన్ జనం పార్లమెంటు కన్నా ముందు బడి కోసమే గుట్టుగా ఓటు వేశారు. ఆ ఎన్నికల్లో ఎలిజబెత్ గారెట్, ఎమిలీ డేవీస్ అనే ఇద్దరు స్త్రీలు కూడా గెలిచారు.

బ్యాలెట్ చట్టం 1872 జులైలో వచ్చింది. దాని కింద జరిగిన మొదటి పార్లమెంటు ఎన్నిక ఆగస్టు 15న యార్క్‌షైర్‌లోని పాంటిఫ్రాక్ట్‌లో జరిగిన ఉప ఎన్నిక. హ్యూ చిల్డర్స్ గెలిచాడు. ఆనాటి పెట్టె ఒకటి ఆ ఊరి మ్యూజియంలో ఉంది, మా పిల్లల్ని తీసుకుపోయి చూపించాను. మామూలు చెక్కపెట్టె. పెట్టె లక్క మీద కోట, గుడ్లగూబ ముద్ర కనిపిస్తాయి. పాంటిఫ్రాక్ట్ అతిమధురం బిళ్లలకు పేరుపడ్డ ఊరు. ఆ మిఠాయి ఫ్యాక్టరీలో బిళ్లల మీద ఒత్తే ముద్రనే తెచ్చి పెట్టెకు సీలు వేశారు.

ఇక్కడి నుంచి నేను నేర్చుకున్నది ఆ చట్టం నంబరును ఏం చేసిందనే. బ్రిటన్‌లో ఓటు రహస్యం, కానీ బ్యాలెట్ కాగితానికి వరుస నంబరు ఉంటుంది. ఏ కాగితం ఏ ఓటరుకు ఇచ్చారో వేరే జాబితాలో ఉంటుంది. దొంగ ఓటు పడిందని కేసు వస్తే పట్టుకోవడానికి అది అవసరం. కానీ ఆ జాబితానూ, కాగితాలనూ వేర్వేరుగా సీలు వేస్తారు. కోర్టు ఆజ్ఞ లేకుండా ఎవరూ విప్పరు, ఏడాది గడిచాక నాశనం చేస్తారు. జాడ తెలుసుకునే వీలుంది, తెలుసుకునే హక్కు మాత్రం ఎవరికి పడితే వాళ్లకు లేదు. నా తరగతి గదికి ఇంతకన్నా మంచి నియమం నాకు దొరకలేదు.

భూపాలపల్లివాళ్లకు ఇంకో ముక్క. మా బాపు సింగరేణి కేటీకే బొగ్గు గనుల్లో పనిచేశాడు. నేను వచ్చిపడ్డ ఈ ప్రాంతం కూడా బొగ్గు నేలే. బ్రిటన్‌లో చివరి లోతైన బొగ్గు గని కెలింగ్లీ పాంటిఫ్రాక్ట్‌కు దగ్గరే ఉండేది, 2015 డిసెంబర్‌లో మూతపడింది. 1984 మార్చి నుంచి ఏడాదిపాటు సాగిన గని కార్మికుల సమ్మెకు యూనియన్ జాతీయ స్థాయిలో ఓటు పెట్టలేదు. యార్క్‌షైర్ పని ఆపింది, నాటింగ్‌హమ్‌షైర్‌లో ఎక్కువమంది పనిలోకి దిగారు. ఆ చీలిక ఈ ఊళ్లలో ఇప్పటికీ మానలేదు. సమ్మె న్యాయమైనదేనని నమ్మే నేను కూడా, ఆ ఓటు పెట్టి ఉండాల్సిందనే అంటాను. సింగరేణిలో గుర్తింపు సంఘానికి 1998 నుంచి రహస్య ఓటే. 2023 డిసెంబర్ 27న దాదాపు 40 వేలమంది ఓటర్లున్న ఎన్నికలో ఏఐటీయూసీ గెలిచింది. గేటు దగ్గర ఎవరి జెండా కింద నిలబడ్డా, తెర వెనక ఎవరి మనసు వారిదని బాపు అనేవాడు.

ఇప్పుడు పిల్లల ప్రశ్నకు జవాబు. అభిప్రాయం అడిగేటప్పుడు, అంటే ఆటస్థలంలో ఎవరైనా ఏడిపిస్తున్నారా, పాఠం వేగంగా పోతోందా వంటివి అడిగేటప్పుడు, పేరు లేని ఓటే పెడతాను. లెక్క వచ్చిందో రాలేదో తెలియాల్సినప్పుడు పేరుతో పెడతాను, కానీ బోర్డు మీద గీతలే కనిపిస్తాయి. ఏ నంబరు ఏం నొక్కిందో పిల్లలు వెళ్లాక నేనొక్కదాన్నే చూస్తాను. ఏది ఏ ఓటో ముందే చెప్తాను.

మన బడులకు రిమోట్లు కొనమని నేను చెప్పను. బెంగళూరులోని మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ ఇండియా 2012లోనే కాగితం కార్డులూ, కెమెరాలతో ఈ పని చేసి చూపింది. ప్లికర్స్ కార్డులూ అలాంటివే. ప్రతి కార్డు మీదా వేరే నలుపు తెలుపు బొమ్మ, దాని నంబరు ఉంటాయి. ఏ అంచు పైకి పట్టుకుంటే అది జవాబు. టీచర్ ఫోన్ ఒక్కటుంటే చాలు. అక్షరాలు చిన్నగా ఉంటాయి, బొమ్మలు ఒకదాన్ని ఒకటి పోలవు, అందుకే పక్క బిడ్డను చూసి పట్టడం కుదరదు. తండా బడిలో సగం తరగతి ఇంటిపేర్లు బానోత్, భూక్యా అయి, పేర్లూ కలిసినచోట నంబరు ఇంకా అక్కరకొస్తుంది. హాజరు పట్టీలో ఉన్న నంబరే కార్డుకు పెట్టండి. కార్డును లామినేషన్ చేయిస్తే, గట్టి అట్ట మీద అతికిస్తే ఏడాది ఆగుతుంది. లామినేషన్ మెరుపుకు ఫోన్ చదవకపోతే కిటికీ వైపు నుంచి తిప్పి పట్టమనండి. అదీ కుదరకపోతే పలకలున్నాయి. "మూడు" అనగానే అందరూ ఒకేసారి ఎత్తాలి, లేకుంటే మళ్లీ చూసి ఎత్తడమే.

జనగామ, మానుకోట, భూపాలపల్లి టీచర్లకు నా మనవి ఒక్కటే. నంబర్ల జాబితా మీ బీరువాలో పెట్టి తాళం వేయండి. తప్పు నొక్కిన నంబరును తరగతిలో ఎప్పుడూ చదవకండి. ప్రశ్న వేసేముందు "ఇది నేనే చూస్త" అనో, "ఇది నేను గూడ చూడ" అనో పిల్లలకు చెప్పండి, చెప్పినట్టే చేయండి.