వీసా ఏజెంటుకు డబ్బు ఇచ్చే ముందు: ఎవరికి ఏ లైసెన్సు ఉండాలి, ఎలా చెక్ చేసుకోవాలి?

కోహెడ (ఇబ్రహీంపట్నం): "వీసా రెడీగా ఉంది, శనివారం లోపల సగం డబ్బు కట్టండి" అని ఫోన్ వస్తే ఇంట్లో మొదట జరిగే చర్చ డబ్బు గురించే. అమ్మీ బంగారం తాకట్టు పెట్టాలా, చిట్టీ ఎత్తాలా, చిన్న ప్లాటు ఉంటే అమ్మేయాలా అని. కోహెడ అయినా, పాతబస్తీ అయినా, నిజామాబాద్ అయినా ఇదే కథ. కానీ డబ్బు కంటే ముందు తేల్చుకోవాల్సిన మాట ఇంకొకటి ఉంది. ఫోన్ చేసిన ఆ మనిషికి అసలు ఆ పని చేసే అనుమతి ఉందా?

"మనవాడే, మసీదులో రోజూ కనిపిస్తాడు", "మా చాచా కొడుకుని ఆయనే పంపాడు" అనేవి పరిచయానికి గుర్తులు, అంతే. వాటిని అనుమతి అనుకుంటే మోసపోతాం. ఏ పనికి ఎవరి లైసెన్సు కావాలో తెలిస్తే దాన్ని ఇంట్లో కూర్చుని ఫోన్‌లోనే చెక్ చేసుకోవచ్చు.

ఒకే బోర్డు వెనక రెండు పనులు

అమీర్‌పేట్, దిల్‌సుఖ్‌నగర్, మెహదీపట్నం ఎక్కడ చూసినా "ఓవర్సీస్ కన్సల్టెన్సీ" బోర్డులే. బోర్డు ఒకలాగే ఉన్నా లోపల జరిగే పనులు రెండు రకాలు.

మొదటిది, విదేశంలో ఉద్యోగం ఇప్పించి పంపడం. దీన్ని చట్టం రిక్రూట్‌మెంట్ అంటుంది. దీనికి భారత విదేశాంగ శాఖ ఇచ్చే లైసెన్సు తప్పనిసరి. రెండోది, చదువు వీసా, విజిట్ వీసా, పర్మనెంట్ రెసిడెన్సీ లాంటి వాటికి సలహా ఇచ్చి ఫారాలు నింపడం. ఈ రెండో పనికి కేంద్రం ఇచ్చే లైసెన్సు అంటూ లేదు. పంజాబ్ మాత్రం ట్రావెల్ ఏజెంట్లు, కన్సల్టెంట్ల రిజిస్ట్రేషన్ కోసం సొంతంగా చట్టం చేసుకుంది. తెలంగాణలో అలాంటి ప్రత్యేక లైసెన్సు చట్టం లేదు. అందుకే ఒక కన్సల్టెన్సీ "మాది గవర్నమెంట్ రిజిస్టర్డ్" అంటే అది ఏ రిజిస్ట్రేషనో అడగాలి. జీఎస్టీ నంబరు, కంపెనీ రిజిస్ట్రేషన్, షాపు లైసెన్సు వ్యాపారం పెట్టుకోవడానికి తీసుకునేవి. మనుషుల్ని విదేశానికి ఉద్యోగానికి పంపే హక్కు వాటితో రాదు.

గల్ఫ్ ఉద్యోగం అయితే

ఉద్యోగానికి పంపే ఏజెంట్లకు వర్తించేది 1983 ఎమిగ్రేషన్ చట్టం. బ్రిటిష్ కాలం నాటి 1922 చట్టం స్థానంలో ఇది వచ్చింది. దీని 10వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ లేకుండా ఎవరూ రిక్రూట్‌మెంట్ వ్యాపారం చేయకూడదు. ఆ సర్టిఫికెట్ ఇచ్చేది విదేశాంగ శాఖలోని ప్రొటెక్టర్ జనరల్ ఆఫ్ ఎమిగ్రెంట్స్. ఏజెంటు బ్యాంకు గ్యారంటీ కట్టాలి. పెద్ద ఏజెన్సీకి అది 50 లక్షల రూపాయలు, వంద మంది లోపు పంపే చిన్న ఏజెన్సీకి 8 లక్షలు. పంపిన మనిషి అక్కడ చిక్కుకుపోతే వెనక్కి తెచ్చే ఖర్చుకు ఈ డబ్బే భరోసా. లైసెన్సు లేనివాడికి డబ్బు కడితే ఈ భరోసా మొత్తం పోయినట్టే.

ఏజెంటు ఎంత తీసుకోవచ్చో కూడా నిబంధనల్లోనే ఉంది. సర్వీసు చార్జీ 30,000 రూపాయలకు మించకూడదు. 18 శాతం జీఎస్టీ 5,400 కలిపితే 35,400. దీనికి రసీదు ఇవ్వాలి. లక్ష, రెండు లక్షలు అడిగి "రసీదు ఉండదు భాయ్, అంతా నమ్మకం మీదే" అంటే అక్కడే ఆగిపోవాలి. లైసెన్సు ఉన్న ఏజెంటు పరిమితికి మించి వసూలు చేసినా అది నేరమే.

ఇంకో ముఖ్యమైన విషయం సబ్ ఏజెంట్లు. ఊర్లోకి వచ్చి పాస్‌పోర్టులు పోగు చేసుకునేది ఎక్కువగా వీళ్లే. "నేను ముంబై ఆఫీసు మనిషిని, లైసెన్సు వాళ్లకు ఉంది" అంటారు. రిజిస్టర్ కాని సబ్ ఏజెంట్లను పెట్టుకోవడానికి అనుమతి లేదు. కాబట్టి డబ్బు గానీ పాస్‌పోర్టు గానీ మధ్య మనిషి చేతికి ఇవ్వొద్దు. లైసెన్సు ఉన్న ఆఫీసుకే వెళ్లి, కంపెనీ ఖాతాలోనే కట్టాలి.

చెక్ చేసుకునేది ఇలా: విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో రిజిస్టర్డ్ ఏజెంట్ల జాబితా ఉంటుంది. ఏజెన్సీ పేరు గానీ లైసెన్సు నంబరు గానీ కొడితే లైసెన్సు నడుస్తోందా, సస్పెండ్ అయిందా, గడువు అయిపోయిందా తెలుస్తుంది. వాట్సాప్‌లో వచ్చిన పోస్టర్ మీద లైసెన్సు నంబరే లేకపోతే అనుమానించాలి. నంబరు ఉన్నా సరే, ఆ నంబరు మీద రిజిస్టర్ అయిన పేరు, అడ్రసు పోస్టర్‌లో ఉన్నవేనా అని సరిచూడాలి. వేరేవాళ్ల నంబరు వేసుకుని తిరిగేవాళ్లూ ఉంటారు.

పదో తరగతి పాస్ కాని వాళ్లకు

పదో తరగతి పాస్ కాని వాళ్ల పాస్‌పోర్టు సాధారణంగా ఈసీఆర్ రకంలోకి వస్తుంది. వాళ్లు ఉద్యోగానికి 18 దేశాలకు వెళ్లాలంటే ముందుగా ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తీసుకోవాలి. సౌదీ, యూఏఈ, కువైట్, ఖతర్, ఒమన్, బహ్రెయిన్, మలేషియా, ఇరాక్ ఆ జాబితాలో ఉన్నాయి. ఈ క్లియరెన్స్ ఇచ్చే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ ఆఫీసు హైదరాబాద్‌లోనే ఉంది. ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్న మహిళలు 30 ఏళ్లు నిండకుండా ఈ దేశాలకు పనికి వెళ్లడానికి అనుమతి లేదు.

క్లియరెన్స్‌తో వెళ్లేవాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా యోజన కూడా ఉంటుంది. రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయల ప్రీమియం, పైన ట్యాక్స్. ప్రమాదంలో చనిపోతే, లేదా శాశ్వతంగా వికలాంగులైతే 10 లక్షల వరకు వస్తుంది. "విజిట్ వీసా మీద పంపిస్తా, అక్కడికి వెళ్లాక మార్చేస్తా" అనే ఏజెంటు నిజానికి ఈ క్లియరెన్సునీ, కాంట్రాక్టునీ, బీమానీ తప్పించి పంపుతున్నాడు.

ఆజాద్ వీసా మాట కూడా అలాంటిదే. చట్టంలో ఆజాద్ వీసా అనేది లేదు. ఇఖామా ఒక కఫీల్ పేరు మీద ఉండి, అనుమతి లేకుండా పని వేరే చోట చేస్తే అది ఆ దేశ నియమాలకు విరుద్ధం. కఫీల్ హురూబ్ పెడితే పట్టుబడేది, జైలుకో డిపోర్టేషన్‌కో వెళ్లేది పనివాడే. ఇక్కడి ఏజెంటుకు ఏమీ కాదు. ఉమ్రా వీసా మీద వెళ్లి అక్కడే పని చూసుకోవచ్చని చెప్పేవాళ్ల మాటా నమ్మొద్దు. ఆ వీసాతో పని చేసే హక్కు రాదు.

చదువు, పీఆర్ అయితే

ఇక్కడ లైసెన్సు వ్యవస్థ ఉన్నది వెళ్లే దేశంలో. ఒక్కో దేశానికి ఒక్కో పద్ధతి.

కెనడా: డబ్బు తీసుకుని ఇమిగ్రేషన్ సలహా ఇవ్వాలంటే అక్కడి లాయరు గానీ, కాలేజ్ ఆఫ్ ఇమిగ్రేషన్ అండ్ సిటిజన్‌షిప్ కన్సల్టెంట్స్ సభ్యుడు గానీ అయి ఉండాలి. ఈ సంస్థ 2021 నవంబరులో పని మొదలుపెట్టింది. సభ్యుల పేర్లు దాని వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. కన్సల్టెంటు భారత్‌లో కూర్చున్నా ఈ నియమం తప్పదు. 2023లో నకిలీ అడ్మిషన్ లెటర్లతో కెనడా వెళ్లిన భారతీయ విద్యార్థుల గొడవ బయటపడింది. ఫీజు కట్టి, చదువుకుని, ఏళ్ల తర్వాత డిపోర్టేషన్ భయం ఎదుర్కొన్నది ఆ పిల్లలే. ఆ తర్వాత 2023 డిసెంబరు 1 నుంచి ప్రతి అడ్మిషన్ లెటర్‌ను కాలేజీతో సరిచూసే పద్ధతి కెనడా పెట్టింది.

బ్రిటన్: 1999 చట్టం ప్రకారం అక్కడ రిజిస్టర్ కాకుండా ఇమిగ్రేషన్ సలహా ఇవ్వడం నేరం. లాయర్లు వాళ్ల సొంత సంస్థల కింద ఉంటారు. రిజిస్టర్ చేసే సంస్థ పేరు 2025 జనవరిలో ఇమిగ్రేషన్ అడ్వైస్ అథారిటీగా మారింది. సలహాదారుల్లో మూడు లెవెల్స్ ఉంటాయి. లెవెల్ 1 వాళ్లు మామూలు దరఖాస్తులే చూడాలి, అప్పీలులో వాదించే అర్హత లెవెల్ 3కే. అయితే ఈ చట్టం బ్రిటన్ లోపల ఇచ్చే సలహాకే వర్తిస్తుంది. హైదరాబాద్ ఆఫీసు మీద దానికి అధికారం లేదు.

ఆస్ట్రేలియా: అక్కడ పనిచేసే మైగ్రేషన్ ఏజెంటుకు మార్న్ అనే ఏడంకెల నంబరు ఉంటుంది. బయటి దేశంలో ఉండేవాళ్లకు అది తప్పనిసరి కాదు. కానీ నంబరు ఉన్నవాళ్లు ప్రవర్తనా నియమావళికి కట్టుబడాలి, తప్పు చేస్తే రిజిస్ట్రేషన్ పోతుంది.

న్యూజిలాండ్: 2007 చట్టం ప్రకారం ప్రపంచంలో ఎక్కడ కూర్చుని సలహా ఇచ్చినా లైసెన్సు ఉండాలి. లాయర్లకు, దేశం బయట నుంచి స్టూడెంట్ వీసా సలహా మాత్రమే ఇచ్చేవాళ్లకు మినహాయింపు ఉంది.

అమెరికా: ఇమిగ్రేషన్ కేసులో న్యాయ సలహా ఇవ్వాల్సింది లాయర్లు, లేదా అక్కడి న్యాయ శాఖ గుర్తించిన ప్రతినిధులే. ఆ నియమం పట్టించుకోని బ్రోకర్లను నమ్మితే ఏమవుతుందో 2019 జనవరిలో తెలుగు కుటుంబాలు చూశాయి. మిచిగాన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అసలు యూనివర్సిటీయే కాదు, అక్కడి ఇమిగ్రేషన్ అధికారులు ఏజెంట్లను పట్టుకోవడానికి నడిపిన ఉత్తుత్తి సంస్థ. విద్యార్థుల్ని చేర్పించిన ఎనిమిది మంది మీద కేసులు పెట్టారు. మొదట అదుపులోకి తీసుకున్న 130 మంది విద్యార్థుల్లో 129 మంది భారతీయులు. వాళ్లలో తెలుగువాళ్లు చాలామంది.

ప్రాణం మీదికి వచ్చిన కేసులు

ఒక్కోసారి నష్టం డబ్బుతో ఆగదు. రష్యాలో హెల్పర్ ఉద్యోగం అని యూట్యూబ్ వీడియోల్లో ఆశ పెట్టి, కుర్రాళ్లను యుక్రెయిన్ యుద్ధంలోకి నెట్టిన కన్సల్టెన్సీలు, ఏజెంట్ల మీద 2024 మార్చిలో సీబీఐ కేసు పెట్టింది. ఆ యుద్ధంలో హైదరాబాద్ యువకుడు కూడా చనిపోయాడు. మయన్మార్, కంబోడియాల్లో డేటా ఎంట్రీ ఉద్యోగం అని తీసుకెళ్లి సైబర్ మోసాలు చేయించే ముఠాలు ఇంకో రకం. 2025 మార్చిలో మయన్మార్‌లోని అలాంటి కేంద్రాల నుంచి బయటపడిన 500 మందికి పైగా భారతీయులను ప్రభుత్వం విమానాల్లో వెనక్కి తెచ్చింది. తెలుగు రాష్ట్రాల వాళ్లు కూడా అందులో ఉన్నారు.

చట్టం ఎక్కడ బలహీనం

1983 చట్టం కింద లైసెన్సు లేకుండా రిక్రూట్ చేస్తే రెండేళ్ల వరకు జైలు, 2,000 రూపాయల వరకు జరిమానా. లక్షలు వసూలు చేసేవాడికి రెండు వేల జరిమానా ఒక లెక్కా! అందుకే ఫిర్యాదు రాసేటప్పుడు భారతీయ న్యాయ సంహితలోని 318వ సెక్షన్, అంటే పాత 420, కూడా పెట్టమని అడగాలి. మోసం చేసి డబ్బు తీసుకుంటే దాని కింద ఏడేళ్ల వరకు శిక్ష ఉంది.

ఎమిగ్రేషన్ చట్టంలో కుటుంబాలకు పనికొచ్చే ఒక మాట ఉంది. మామూలుగా ఈ చట్టం కింద కేసు నడపడానికి కేంద్రం అనుమతి కావాలి. కానీ మోసపోయిన మనిషే ఫిర్యాదు చేస్తే ఆ అనుమతి అక్కర్లేదు. అతని తరఫున తల్లి, తండ్రి, భార్య, భర్త, కొడుకు, కూతురు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు చేసినా అక్కర్లేదు. కొడుకు సౌదీలో చిక్కుకుంటే ఇక్కడ అమ్మీ సంతకంతోనే ఫిర్యాదు నడుస్తుంది.

చదువు, పీఆర్ కన్సల్టెన్సీ మోసం చేస్తే పోలీసులతో పాటు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు కూడా వెళ్లొచ్చు. రెండేళ్ల లోపు వేయాలి. 5 లక్షల లోపు చెల్లింపులకు ఫీజు లేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. ఆన్‌లైన్‌లో డబ్బు పంపి మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

ఎవరిని అడగాలి

విదేశాంగ శాఖ ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం టోల్ ఫ్రీ నంబరు 1800 11 3090. అక్కడ చిక్కుకున్నవాళ్ల కోసం మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయొచ్చు. లైసెన్సు ఉన్న ప్రభుత్వ ఏజెన్సీ ద్వారానే వెళ్లాలనుకుంటే తెలంగాణ ఓవర్సీస్ మ్యాన్‌పవర్ కంపెనీ, అంటే టామ్‌కామ్, హైదరాబాద్ మల్లేపల్లి ఐటీఐ ఆవరణలో ఉంది. కోహెడ నుంచి ఒక పూటలో వెళ్లి అడిగి రావచ్చు.

డబ్బు కట్టే ముందు ఈ ఐదూ చేతిలో ఉండాలి:

1. లైసెన్సు నంబరు, అది ఈ-మైగ్రేట్‌లో గానీ వెళ్లే దేశం రిజిస్టర్‌లో గానీ స్వయంగా చూసిన స్క్రీన్‌షాట్.
2. కంపెనీ పేరు, జీతం, పని, గడువు రాసిన కాంట్రాక్టు కాపీ. చదువుకైతే కాలేజీకే నేరుగా మెయిల్ పెట్టి తెచ్చుకున్న జవాబు.
3. ఏ సేవకు ఎంత, వీసా రాకపోతే ఎంత వాపసు అని రాసిన కాగితం.
4. కంపెనీ ఖాతాకు కట్టిన రుజువు, రసీదు.
5. దరఖాస్తులో ఏం రాశారో దాని పూర్తి కాపీ. తప్పు వివరం ఏజెంటు రాసినా సంతకం పెట్టింది మీరే, జవాబు చెప్పాల్సిందీ మీరే.

కాగితం అడిగితే మనవాడు నొచ్చుకుంటాడేమో అని చాలామంది మొహమాటపడతారు. అప్పు లావాదేవీ ఏదైనా రాసి పెట్టుకోండి, సాక్షుల్ని పెట్టుకోండి అని సూరహ్ బఖరా 282వ ఆయత్ మనకే చెబుతోంది. లైసెన్సు ఉన్నవాడు నంబరు అడిగితే కోప్పడడు. కోప్పడితే పాస్‌పోర్టు వెనక్కి తీసుకుని ఇంటికి రావడమే మంచిది.