చదరంగపు పద్యం: పాఠనిర్ణయంలో ఒక సంఖ్య సాక్ష్యం

మహావీరాచార్యుడు రాష్ట్రకూట అమోఘవర్షుని కాలంలో, క్రీ.శ. 9వ శతాబ్దిలో, సంస్కృతంలో రచించిన గణితసారసంగ్రహాన్ని తెలుగు చేసినవాడు పావులూరి మల్లన. ఆయనను 11వ శతాబ్ది కవిగా, రాజరాజనరేంద్రుని సమకాలికునిగా సాహిత్య చరిత్రకారులు సాధారణంగా పరిగణిస్తారు. ఆయన పేరుతో ప్రసిద్ధమైన చంపకమాల ఒకటి చదరంగపు 64 గళ్ల లెక్కను చెబుతుంది. మొదటి గడికి ఒకటి, ఆపై ప్రతి గడికీ రెట్టింపు చొప్పున కూడితే వచ్చే మొత్తం 18446744073709551615. అల్ బిరూనీ కూడా దాదాపు క్రీ.శ. 1000 నాటి తన గ్రంథంలో ఈ సంఖ్యనే సాధించాడు.

దీని పరిమాణాన్ని తనకల్లు మెట్ట పొలాల వేరుసెనగతో ఊహించవచ్చు. వంద గింజలు 40 గ్రాములు తూగుతాయనుకుంటే ఈ గింజల బరువు 7,37,000 కోట్ల టన్నులు దాటుతుంది. అయితే తెలుగు పరిశోధకునికి ఈ పద్యం విలువ ఆ ఆశ్చర్యంతో తీరిపోదు.

పద్యంలో అంకెలు లేవు. ఇరవై భూతసంఖ్యా పదాలున్నాయి. వాటిని కుడి నుండి ఎడమకు అంకెలుగా పేర్చుకోవాలి. రెండవ పాదంలోని ‘గిరి’ (7) స్థానంలో లేఖకుడు ‘కరి’ (8) అని వ్రాస్తే గణాలు చెడవు, యతిప్రాసలూ చెడవు. ఛందస్సు పట్టుకోలేని దోషమిది. అర్థసందిగ్ధత మరొకటి: ‘అబ్ధి’ సాధారణంగా 4, కొన్నిచోట్ల 7, ‘రంధ్రం’ 9, కొందరికి 0.

సంఖ్య 3తో భాగింపబడాలి కనుక అంకెల మొత్తం (87) చూసి పాఠాన్ని సరిచూడవచ్చునని తోస్తుంది. ‘కరి’ పాఠానికి 88 వస్తుంది, దోషం దొరుకుతుంది. కానీ ‘అబ్ధి’ని 7గా గ్రహిస్తే మొత్తం 90, ‘రంధ్రా’న్ని సున్నగా గ్రహిస్తే 78, రెండూ 3తో భాగింపబడేవే. అసలు చిక్కు ఇక్కడే ఉంది: సందిగ్ధమైన పదాల విషయంలోనే ఈ పరీక్ష విఫలమవుతుంది.

17 అలా మోసపోదు. ఒక్క అంకె మారితే కలిగే భేదం 1 నుండి 9 వరకు గల ఒక అంకెను పదుల ఘాతంతో గుణించినది. అది 17తో ఎన్నడూ భాగింపబడదు. సరైన పాఠాన్ని 17తో భాగిస్తే 1085102592571150095 నిశ్శేషంగా వస్తుంది. 2 నుండి మొదలుపెట్టి ఆరుసార్లు వర్గం చేసి ఒకటి తీసివేసినా సంఖ్య నేరుగా లభిస్తుంది. నిఘంటువు చూసి పాఠం నిర్ణయించే పరిష్కర్త ముందు చేయవలసిన పని అది.

ఈ సంఖ్యకు 3, 5, 17, 257, 65537 కారణాంకాలు. మిగిలినది 4294967297. ఫెర్మా దీనిని ప్రధాన సంఖ్యగా భావించాడు. 641తో ఇది భాగింపబడుతుందని 1732లో ఆయిలర్ చూపాడు.