ఫాంటుకు బందీ అయిన పాఠం: ‘పద్మ’ చరిత్ర, మరో పోర్టింగ్‌కు పూనుకోవడంలోని ఔచిత్యం

వ్యాససంగ్రహం:
యూనికోడ్ వ్యాప్తికి ముందు కంప్యూటర్‌లో తెలుగు పాఠం ఫాంటుపై ఆధారపడి ఉండేది. ఆ పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చి చూపిన స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ‘పద్మ’. 2017లో దాని ఆధారవేదిక మారిపోయింది. ఇటువంటి సాధనాన్ని కొత్త వేదికకు తరలించే పనికి, అంటే పోర్టింగ్‌కు, ఎప్పుడు పూనుకోవాలి, దేనిని తరలించాలి అన్న ప్రశ్నలను బాసర ప్రాంతపు పరిశోధనావసరాల నేపథ్యంలో చర్చించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: పద్మ, యూనికోడ్, పోర్టింగ్, పాత ఫాంట్లు, స్థానిక చరిత్ర, బాసర.

1. ఉపోద్ఘాతం:
గోదావరి తీరంలోని బాసర అక్షరాభ్యాసానికి ప్రసిద్ధమైన సరస్వతీ క్షేత్రం. ఒకప్పుడు ఆదిలాబాద్ జిల్లాలో ఉండి, 2016 నుంచి నిర్మల్ జిల్లాలో భాగమైన ఈ ఊరిలో, ట్రిపుల్ ఐటీగా అందరూ పిలిచే రాజీవ్‌గాంధీ యూనివర్సిటీ ఆఫ్ నాలెడ్జ్ టెక్నాలజీస్ ప్రాంగణం కూడా ఉంది. ఆ విశ్వవిద్యాలయం 2008లో ఏర్పడింది. ఒకచోట అక్షరం దిద్దిస్తారు, మరొకచోట ప్రోగ్రాము రాయడం నేర్పుతారు. దిద్దిన అక్షరం కంప్యూటర్‌లో ఎంతకాలం చదవడానికి వీలుగా నిలుస్తుందన్న ప్రశ్న ఈ రెండింటికీ చెందినదే.

స్థలపురాణాలు, ఊరి చరిత్రలు, సాహిత్య సభల ప్రత్యేక సంచికలు, సిద్ధాంత గ్రంథాలు డి.టి.పి. కేంద్రాలలో ‘అను’ వంటి ఫాంట్లలో టైపు కావడం తెలుగునాట సర్వత్రా ఉన్న పద్ధతి. వాటి ఫైళ్లు ఉన్నంత మాత్రాన పాఠం మన చేతిలో ఉన్నట్లు కాదు.

2. పాత ఫాంట్ల స్వరూపం:
పాత ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన సంకేతస్థానాలలో తెలుగు ఆకృతులను నింపారు. అందువల్ల ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో పాఠం అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల వరుసగా కనిపిస్తుంది. ఏ సంకేతానికి ఏ ఆకృతి అన్నది ఫాంటు ఫాంటుకూ మారుతుంది. పైగా అక్కడ నిక్షిప్తమయ్యేది వర్ణం కాదు, వర్ణభాగం. తలకట్టు, గుడి, కొమ్ము, ఒత్తు వేటికవే విడి ఆకృతులు. కొన్ని ఫాంట్లలో క్రావడి హల్లుకు ముందే వస్తుంది. కనుక మార్పిడి అంటే ఒక సంకేతానికి బదులు మరొకటి ఉంచడం కాదు. ముక్కలను కూర్చి, క్రమాన్ని సవరించి, అక్షరాన్ని పునర్నిర్మించడం.

1991లో వెలువడిన యూనికోడ్ తొలి రూపంలోనే తెలుగుకు స్థానం లభించింది. ఇందులో వర్ణానికి సంకేతం ఉంటుంది, ఆకృతిని చూపే బాధ్యత ఫాంటుది. అయినా సామాన్య వినియోగదారుకు ఇది అందడానికి విండోస్ ఎక్స్‌పీ వచ్చిన 2001 తరువాతి కాలం పట్టింది. ఈ మధ్యకాలంలో తెలుగు పత్రికల వెబ్‌సైట్లు తమతమ ఫాంట్లతోనే నడిచాయి.

3. పద్మ పాత్ర:
2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు శ్రీకారం చుట్టిన వెన్న నాగార్జున రూపొందించినదే ‘పద్మ’. ఇది ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌కు అనుబంధంగా పనిచేస్తూ, పాత ఫాంట్లలోని పుటలను పాఠకుడి తెరపైనే యూనికోడ్‌లోకి మార్చేది. ఒక్కొక్క ఫాంటుకూ ఒక్కొక్క పట్టికను ఓపికగా తయారుచేయడం దీని వెనుక ఉన్న అసలు శ్రమ. దీని మూలపాఠం బహిరంగంగా ఉండడం వల్ల వీవెన్ రూపొందించిన ‘లేఖిని’కి ఇందులోని లిప్యంతరీకరణ భాగం ఆధారమైంది. అంటే పద్మలోని సారం అప్పుడే ఒక వేదిక నుంచి మరొక వేదికకు చేరింది.

2017 నవంబరులో వెలువడిన ఫైర్‌ఫాక్స్ 57 పాత పద్ధతిలో రాసిన అనుబంధాలకు మద్దతు నిలిపివేసింది. ఏదైనా కొనసాగాలంటే కొత్త పద్ధతిలో తిరిగి రాయక తప్పదు. అయితే ఆనాటికి ప్రధాన పత్రికల వెబ్‌సైట్లు చాలావరకు యూనికోడ్‌కు మారాయి. సాధనం ఆగిన సమయానికే దాని తొలి ప్రయోజనం కూడా సన్నగిల్లింది.

4. నిర్ణయానికి ప్రమాణాలు:
ఒకప్పుడు ఉపయోగపడిందన్న గౌరవంతో పోర్టింగ్ ప్రారంభించడం సరికాదు. ముందుగా తేల్చుకోవలసిన అంశాలు మూడు.

మొదటిది అవసరం. నేడు చదవలేని పాఠం బ్రౌజర్‌లో కంటే సీడీలలో, పాత హార్డ్‌డిస్కులలో ఉంది. కాబట్టి పద్మను యథాతథంగా బ్రౌజర్ అనుబంధంగా పునరుద్ధరిస్తే తీరిపోయిన అవసరాన్ని తీర్చినట్లవుతుంది. అందులోని పట్టికలనూ కూర్పు సూత్రాలనూ వేరుచేసి, ఇంటర్నెట్ లేకున్నా ఫైళ్లను మార్చే ప్రోగ్రాముగా మలచడమే సమంజసం. లేఖిని చూపిన దారి కూడా ఇదే. కాగితం మాత్రమే మిగిలినచోట టెసెరాక్ట్ వంటి అక్షర గుర్తింపు సాధనాలు శరణ్యం. ఫైలు దొరికినప్పుడు మాత్రం బొమ్మను చూసి ఊహించడం కంటే సంకేతాన్ని మార్చడమే నమ్మదగినది.

రెండవది పాఠశుద్ధి. దంత్య చ, జలకూ అవగ్రహానికీ యూనికోడ్‌లో స్థానం దక్కింది 2008 నాటి 5.1 రూపంలో. అంతకుముందు తయారైన పట్టికలలో వీటికి చోటుండదు. శాసనపాఠాన్నో పద్యపాదాన్నో ఉదాహరించే సిద్ధాంత గ్రంథంలో ఒక్క ఒత్తు తప్పినా ప్రమాణం చెడుతుంది. అచ్చుప్రతితో సరిపోల్చి చూడదగిన నమూనా పుటలు సిద్ధం కానిదే పని మొదలుపెట్టకూడదు. ఈ పరీక్ష ప్రోగ్రామరు ఒక్కడివల్ల కాదు. తెలుగు శాఖ అధ్యాపకులూ పరిశోధకులూ పూనుకోవాలి.

మూడవది కొనసాగింపు. బాసర ప్రాంగణంలో ఆరేళ్ల సమీకృత విద్య ముగించుకొని విద్యార్థి వెళ్లిపోతాడు. అతడితోనే ప్రాజెక్టూ వెళ్లిపోతే మరొక పద్మ ఆగినట్లే. ప్రారంభించినవారు కాక కనీసం మరో ఇద్దరికి మూలపాఠం పూర్తిగా తెలిసి ఉండాలి. పట్టికలను ప్రోగ్రాము నుంచి విడదీసి, ఏ భాషలోనైనా చదవగల సాదా ఫైళ్లుగా భద్రపరచాలి. అప్పుడు వేదిక మారినా మళ్లీ మొదటికి రానక్కరలేదు.

5. ముగింపు:
పద్మ చరిత్రలో కాలం చెల్లినది బ్రౌజర్‌తో దానికున్న ముడి మాత్రమే. ఫాంట్ల గుట్టు విప్పిన పట్టికల విలువ తరగలేదు. కనుక కొత్త పోర్టింగ్‌కు పూనుకోవచ్చు, అయితే తరలించవలసినది ఆ పట్టికలను. నమూనా పుటలు, పాఠపరిష్కర్తలు, వారసులు సమకూరేదాకా ప్రోగ్రాము రాయడం ఆగవచ్చు. ఫైళ్ల సేకరణ మాత్రం ఆగరాదు. సాఫ్ట్‌వేర్‌ను మళ్లీ రాసుకోవచ్చు గాని, చెడిపోయిన సీడీలోని ఊరి చరిత్రను తిరిగి రాబట్టలేం.