అఫ్జల్‌గంజ్ చేరిన సముద్రపు తుఫాను

1864 తుఫాను కలకత్తా రేవును ధ్వంసం చేసిన మరుసటి ఏడాదే అక్కడ నావికులకు హెచ్చరిక సంకేతాల ఏర్పాటు జరిగింది. అవి ఓడల కోసం ఉద్దేశించినవి. తీరం దాటి లోపలికి సాగే వాయుగుండాన్ని గూర్చి దక్కన్ పట్టణవాసికి అవి చెప్పేదేమీ లేదు. 1908 సెప్టెంబరు చివర బంగాళాఖాతపు తుఫాను మూసీ పరీవాహకాన్ని ముంచెత్తింది. శంషాబాదులో 24 గంటల్లో 12.8 అంగుళాల వర్షం కురిసింది. 28వ తేదీ నాటి వరదను కేవలం మూసీ ఆగ్రహంగా వర్ణించడం పరిపాటి. అది అసంపూర్ణం: ఎగువనున్న 788 చెరువుల్లో 221 తెగాయి. అఫ్జల్‌గంజ్ వంతెన కొట్టుకుపోయింది. ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టెక్కి సుమారు 150 మంది బతికారని ప్రతీతి. మృతులు 15,000 వరకు ఉంటారని అంచనా. మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచించిన జలాశయాలలో ఉస్మాన్‌సాగర్ 1920లోను, హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తయ్యాయి.