ఐదు పుస్తకాలు, ఒక కిటికీ

పోయిన నెల సమావేశంలో మన పిల్లలు ఒక మాట చెప్పినారు. సంఘానికి వెబ్‌సైటు కడతాం, శాఖల్లో ఉండే పాత రిజిస్టర్లు పక్కన పెట్టేసి అందరి వివరాలూ కొత్త ఫారంలో మొదటినుంచి ఎక్కిస్తాం అన్నారు. పెద్దవాళ్లు కొందరు ఒప్పుకోలేదు. ఆ రోజు నేను నోరు తెరవలేదు. ఇంటికొచ్చి ఆలోచిస్తే, ఇట్లాంటిదే నా సర్వీసులో రైల్వేలో చూసినానని తోచింది. ఆ కథ రాస్తున్నాను. నాది తమిళ మీడియం చదువు. తెలుగు అక్షరాలు మా నాయన ఇంట్లో దిద్దించినవే. తప్పులుంటే సరిచేసి చదువుకోండి.

నేను చేరిన కొత్తలో రిజర్వేషన్ అంటే పుస్తకమే. ఒక్కో రైలుకు, ఒక్కో తేదీకి ఒక్కో పట్టీ. బెర్తు నంబరుకు ఎదురుగా పేరు రాయాలి. ఆ పట్టీ ఏ గుమాస్తా చేతిలో ఉంటే ఆయనే టికెట్టు ఇవ్వగలడు. వేరే రైలు కావాలంటే వేరే క్యూలో మళ్లీ మొదటినుంచి నిలబడాలి. వేరే ఊరినుంచి తిరుగు ప్రయాణమైతే ఆ ఊరికి తంతి పంపాలి. జవాబు వచ్చేదాకా ఎదురుచూపే.

1985లో ఢిల్లీలో కంప్యూటర్ రిజర్వేషన్ మొదలైంది. ప్రభుత్వ సంస్థ సి.ఎం.సి. తయారుచేసిన ఆ సాఫ్ట్‌వేరు పేరు ఇంప్రెస్. 1986లో రైల్వేకు సొంతంగా క్రిస్ అనే కంప్యూటర్ సంస్థ పెట్టినారు. 1987లో మద్రాసుకూ కంప్యూటర్ వచ్చింది. మాలో చాలామందికి భయం. మిషను వస్తే మన పని పోతుంది, ఎక్కడికో బదిలీ చేస్తారు అని. ట్రైనింగుకు పేరు ఇవ్వమంటే మొదట వెనక్కి తగ్గినవాళ్లలో నేనూ ఒకణ్ణి. తరవాత నేర్చుకున్నాను. ఏ కిటికీలోనైనా ఏ రైలుకైనా టికెట్టు ఇవ్వొచ్చు అనేది అప్పుడు మాకు పెద్ద వింత.

అయితే ఒక లోపం మిగిలిపోయింది. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు, సికింద్రాబాదు, ఈ ఐదు చోట్లా కంప్యూటర్లు వచ్చినా ఏ ఊరి లెక్క ఆ ఊరిదే. 1990ల మొదట్లో ఒక రోజు మన తెలుగాయన ఒకరు కౌంటరుకు వచ్చినారు. కూతురి కాన్పుకు సికింద్రాబాదు పోతున్నారు. పోయే టికెట్టు నిమిషంలో ఇచ్చినాను. తిరిగి వచ్చేదానికి మాత్రం కబురు పంపాలి. "దొరుకుతుంది, ధైర్యంగా పోండి అన్నా" అని నోటిమాటగా చెప్పేసినాను. దొరకలేదు. బాలింతను, పసిబిడ్డను పెట్టుకుని జనరల్ పెట్టెలో వచ్చినారు. తరవాత ఒక పెళ్లిలో కనబడి, "ఏం నాయనా, మీ మిషను అక్కడి మిషనుతో మాట్లాడదా?" అని అడిగినారు. కోపంగా అనలేదు. అందుకే ఆ మాట ఇంకా గుర్తుంది.

ఆ ప్రశ్నకు జవాబు చాలా ఏళ్ల తరవాత నా కూతురి పుస్తకాల్లో చదివినాను. ఆమె ఈ చదువే చదివింది. వేరువేరు చోట్ల, వేరువేరు కాలాల్లో కట్టిన కంప్యూటర్ వ్యవస్థలను ఒకదానితో ఒకటి మాట్లాడించడాన్ని ఎంటర్‌ప్రైజ్ అప్లికేషన్ ఇంటిగ్రేషన్ అంటారట. దానికి ఆధారం కాంపొనెంట్ అనే ఆలోచన. 1968లో జర్మనీలోని గార్మిష్‌లో జరిగిన సమావేశంలో డగ్లస్ మెక్‌ఇల్‌రాయ్ అనే అమెరికా నిపుణుడు ఒక మాట చెప్పినాడు. యంత్రాలకు విడిభాగాలు ఫ్యాక్టరీలో చేసినట్టే సాఫ్ట్‌వేరుకూ చేసి అమర్చుకోవాలి అని.

పుస్తకంలో ఆ ఇంగ్లీషు నాకు సరిగ్గా ఎక్కలేదు. రైలు పెట్టెను తలచుకుంటే ఎక్కింది. మన పెరంబూరు ఫ్యాక్టరీలో చేసిన పెట్టె, చిత్తరంజన్‌లో చేసిన ఇంజను ఒకదాని లోపల ఏముందో ఒకటి ఎరగవు. కప్లింగు, బఫరు ఎత్తు, బ్రేకు గొట్టం కుదిరితే చాలు, కలిసి నడుస్తాయి. పుస్తకంలో ఇంటర్‌ఫేస్ అన్నది ఈ కప్లింగునే. లోపల ఏమైనా మార్చుకో, కప్లింగు మాత్రం ఒప్పుకున్నట్టే ఉండాలి.

కప్లింగు లేకపోతే ఏమవుతుందో మద్రాసు వాళ్లకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. అప్పట్లో ఎగ్మూరు మీటరుగేజి, సెంట్రల్ బ్రాడ్‌గేజి. మదురైనుంచి సికింద్రాబాదు పోవాలంటే ఎగ్మూరులో దిగి, మూటాముల్లె మోసుకుని, సెంట్రల్‌కు ఆటో పట్టాల్సి వచ్చేది. ఒక కంప్యూటర్లో ఉన్నదాన్ని చూసి ఇంకో కంప్యూటర్లో మళ్లీ టైపు చేయడం కూడా అట్లాంటి మూటల మోతే.

క్రిస్ వాళ్లు కాన్సర్ట్ అనే కొత్త సాఫ్ట్‌వేరు రాసి, 1994లో మొదట సికింద్రాబాదులో నడిపినారు. తరవాత మిగతా ఊర్లకూ పెట్టి, 1999 ఏప్రిల్ నాటికి ఐదింటినీ కలిపేసినారు. అందరి లెక్కలూ తీసి ఒకే గోదాములో పోయలేదు. ఏ కేంద్రం రైళ్ల లెక్క ఆ కేంద్రంలోనే ఉంచినారు. మద్రాసు కిటికీలో సికింద్రాబాదు బెర్తు అడిగితే, ఆ అడగడం సికింద్రాబాదుకు పోయి జవాబు తెస్తుంది. పని జరిగితే పూర్తిగా జరగాలి, లేదా అసలు జరగనట్టే ఉండాలి. ఒకే బెర్తు ఇద్దరికి పోకూడదు కదా. ఆ ఏడాది ఒక అవ్వకు రానుపోను టికెట్లు రెండూ ఒకే కిటికీలో ఇచ్చినాను. ఆమెకు అది మామూలే. నాకు మాత్రం కాన్పుకు పోయిన ఆయన జ్ఞాపకం వచ్చినారు.

2002 ఆగస్టు 3న ఐ.ఆర్.సి.టి.సి. వెబ్‌సైటులో టికెట్లు మొదలైనాయి. మొదట్లో ఇంట్లో బుక్ చేస్తే టికెట్టు కొరియర్‌లో వచ్చేది. 2005లో ఈ-టికెట్టు వచ్చింది. గమనించండి, వెబ్‌సైటు కోసం పాత రిజర్వేషన్ వ్యవస్థను కూల్చలేదు. బెర్తు ఇచ్చేది వెనకున్న పాత వ్యవస్థే. వెబ్‌సైటు దాని ముందర తెరిచిన ఇంకో కిటికీ.

ఇప్పుడు మన సంగతి. పిల్లలు చూపించిన కొత్త ఫారం నేను చదివినాను. పేరు, ఇనిషియల్ అని రెండే గడులు. తమిళనాడులో మనం నాయన పేరును ఒక అక్షరం చేసి రాసుకుంటాం, బడిలో అదే అలవాటైంది. ఇంటిపేరు ఎక్కడా రాయం. అది మిగిలింది మన పాత శాఖా రిజిస్టర్లలోనే. పెద్దలు తెలుగులో, కొన్నిచోట్ల తమిళ అక్షరాల్లో, ఇంటిపేరు, గోత్రం, మూలం ఊరు రాసి పెట్టినారు. ఆ పుస్తకాలు పక్కన పెట్టి రెండు గడుల ఫారంలో ఎక్కిస్తే, మనవళ్లకు ఇంటిపేరు ఏదో చెప్పేవాళ్లు ఉండరు. కొత్త ఫారంలో గడి లేనిది, ఎక్కించేటప్పుడే పోతుంది. అది పోయిందని ఎవరికీ తెలియను కూడా తెలియదు.

అందుకని నా విన్నపం. వెబ్‌సైటు కట్టండి, తప్పకుండా కట్టండి. నా మాదిరి మొదట వెనక్కి తగ్గకండని పెద్దలకూ చెప్తున్నాను. కానీ ఏ శాఖ రిజిస్టరు ఆ శాఖ దగ్గరే ఉండనీయండి. అన్ని శాఖలూ ఒప్పుకున్న గడులు కొన్ని పెట్టుకుని వాటితో కలపండి. ఆ గడుల్లో ఇంటిపేరు ఒకటి ఉండాలి. రెండు లిపుల్లోనూ రాసే వీలుండాలి. పాత పుస్తకాలు చదివి చెప్పడానికి నేను ఆదివారాలు వస్తాను. పక్కన కూర్చుని ఎక్కించడానికి ఒక పిల్లవాడు గానీ, పాప గానీ వస్తే చాలు.