‘సెల్’ — ఒక చిన్నమాట చరిత్ర

మఠంలో సన్యాసి ఉండే చిన్నగదిని ఇంగ్లీషులో ‘సెల్’ అంటారు. చెరసాలలో ఖైదీని ఉంచే కొట్టునూ అదే మాటతో పిలుస్తారు. టార్చిలైటులో వేసేది సెల్. మన శరీరంలోని జీవకణమూ సెల్లే. వీటికి పరస్పరం సంబంధమేమిటి?

వీటన్నింటికి మూలం లాటిన్‌లోని ‘కెల్లా’. చిన్నగది, సరుకులు దాచే కొట్టు అని దాని అర్థం. ఆ కకారమే తరువాత సకారమైనది.

ఈ మాటను జీవశాస్త్రానికి తెచ్చినవాడు రాబర్ట్ హుక్. 1665లో ప్రకటించిన ‘మైక్రోగ్రాఫియా’ అనే గ్రంథంలో ఆయన తన పరిశీలనను వివరించినాడు. సీసా బిరడాలకు వాడే బెండును పదునైన చాకుతో అతి పలుచగా కోసినాడు. ఆ ముక్క తెల్లగా ఉండుటచేత దానిని నల్లని పలకపై ఉంచి, సూక్ష్మదర్శినితో చూచినాడు. తేనెపట్టువలె గదులు కనిపించినవి! అంగుళంలో 18వ వంతు పొడవున సుమారు 60 గదులు లెక్కకు వచ్చినవి. ఆ లెక్కన ఘనపుటంగుళానికి 125 కోట్లకు పైగా ఉండవలెను.

అయితే బెండు నిర్జీవమైనది. అందులో మిగిలినవి గోడలే. పచ్చిమొక్కలలోని గదులు రసంతో నిండియుండుట హుక్ గమనించకపోలేదు. కాని పేరు మాత్రం ఇంటికి పడినది, ఇంటిలోని జీవానికి కాదు. 1838లో ష్లైడెన్ వృక్షాలన్నీ, 1839లో ష్వాన్ జంతువులన్నీ సెల్లులతో నిర్మితమైనవని ప్రకటించినారు. జంతువుల సెల్లులకు మొక్కలకున్నట్టి గోడ లేదు. గోడ ముఖ్యం కాదనీ, కేంద్రకంతో కూడిన జీవపదార్థమే సెల్ అనీ 1861లో మాక్స్ షుల్ట్‌జె వాదించవలసి వచ్చినది. గది కానిదానికి గది పేరే స్థిరపడినది.

విద్యుత్ సెల్లుకు ఆ పేరు కొంత తగినదే. తొలినాటి బాటరీలలో ఒకరకానికి తొట్టిని అరలుగా విభజించి, ఆమ్లం పోసేవారు. సెల్‌ఫోను సంగతి వేరు. 1947లో అమెరికాలోని బెల్ ప్రయోగశాల ఇంజనీర్లు ఒక ప్రాంతాన్ని చిన్నచిన్న ఖండాలుగా విభజించి రేడియో టెలిఫోను నడపవచ్చునని సూచించినారు. ఆ ఖండమే సెల్. చేతిలోని ఫోనును ‘సెల్లు’ అనటం, రైలును స్టేషను అనటం వంటిది!

తెలుగులో ‘కణం’ అంటే రేణువు, నలుసు. గది అనే భావం ఇందులో లేదు. భౌతికశాస్త్రంలో ఎలక్ట్రాన్ కూడ కణమే. తరగతిలో చిక్కు వచ్చేది ఇక్కడనే. అందుచేతనే ‘జీవకణం’ అనవలసి వచ్చుచున్నది. హిందీలోని ‘కోశిక’ గది భావాన్ని కొంత నిలుపుకొన్నది. కాని గోడలేని జంతుకణాన్ని తలచినప్పుడు మాత్రం హుక్ పెట్టిన పేరుకంటె మన ‘జీవకణమే’ నప్పుతుంది.